కరెంటు లేకుండా ఫోను మోగే ఇత్తడి బూర స్టాండు: కొలతలు, తయారీ, తేడా కొట్టే చోట్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లోనే ఇత్తడి రేకుతో ఫోను స్టాండు చేసి, పాత గ్రామఫోనుకి ఉన్నట్టు దానికో బూర తగిలించి, కరెంటూ బ్యాటరీ ఏమీ లేకుండా పాట గదంతా వినబడేలా చేయాలి. వంటింటి గరాటు ఒకటి పెట్టి చూస్తే డబ్బాలోంచి మాట్లాడినట్టు వచ్చింది. ఏ లోహం మంచిది, బూర ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలి, ఛార్జింగ్ పెట్టుకోవచ్చా, విశాఖలో సామాను ఎక్కడ చూడాలి.

ముందు సూటిగా జవాబు. అవుతుందండి. మూతి (విచ్చుకున్న కొస) 16 సెం.మీ. అడ్డం, పొడవు 19 సెం.మీ., గొంతు (ఫోను వైపు సన్నటి కొస) 15 మి.మీ. అడ్డం ఉన్న బూర చేయండి. 24 గేజ్ ఇత్తడి రేకు, అతుకులన్నీ మాటు (సోల్డరింగ్) వేసి మూసేయాలి. ఫోను స్పీకరుకీ బూర గొంతుకీ మధ్య గాలి బయటికి పోని మెత్తటి రబ్బరు గూడు ఉండాలి. ఇవి కుదిరితే మాటలు, పాటలో గాయకుడి గొంతు, వేణువు, వయొలిన్ 6 నుంచి 10 డెసిబెల్ దాకా పెరుగుతాయి. 10 డెసిబెల్ అంటే చెవికి సుమారుగా రెట్టింపు చప్పుడు. మృదంగం ఎడమ వైపు, డప్పు, బేస్ గిటారు మాత్రం పెరగవు. అవి ఫోను స్పీకరులోంచే సరిగ్గా రావు, రానిదాన్ని బూర పుట్టించలేదు.

మీ గరాటు ప్రయోగం చెడింది లోహం వల్ల కాదు. మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, ఫోను అంచుకీ గరాటు నోటికీ మధ్య సందు. వెంట్రుక మందం సందు చాలు, కింది స్వరాలు అక్కడే జారిపోతాయి. రెండోది, గరాటుకి ఉండే సన్నటి కాడ. ఒక కొస మూసి, రెండో కొస తెరిచి ఉన్న 10 సెం.మీ. గొట్టం దాదాపు 870 హెర్ట్జ్ (సెకనుకి 870 కంపనాలు) దగ్గర తనంతట తనే మోగుతుంది. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా గొట్టం గొంతు కలుపుతుంది. మీరు విన్న డబ్బా చప్పుడు అదే. మూడోది, కాడ అయిపోగానే గరాటు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అలా హఠాత్తుగా వెడల్పయ్యే చోట ధ్వని కొంత వెనక్కి తిరిగిపోతుంది.

కాబట్టి ఈ పనిలో ప్రాణమంతా ఫోను కింద ఉన్న మొదటి రెండంగుళాల్లో ఉంది. అందరూ మూతి మెరుగు మీద, రేకు అందం మీద రోజులు పోసి, ఆ రెండంగుళాలని ఒక గంటలో తేల్చేస్తారు. తలకిందుల వ్యవహారం.

బూర ఏం చేస్తుంది

బూర కొత్తగా శక్తినేమీ ఇవ్వదు. ఫోను స్పీకరు పొర చిన్నది. బయటి గాలి దానికి మరీ తేలికగా, పట్టు లేకుండా ఉంటుంది, అందుకే దాని కదలికలో చాలా భాగం వృథా. సన్నటి గొంతులో ఉన్న గాలి ఆ పొరకి కాస్త బరువుగా తగులుతుంది. ఆ గాలి మెల్లమెల్లగా వెడల్పవుతూ గదిలోని గాలికి కదలికని అందిస్తుంది. పైగా నాలుగు వైపులా చెదిరే ధ్వనిని ఒక దిక్కుకి మళ్ళిస్తుంది. ఈ రెండూ కలిస్తేనే ఆ 6 నుంచి 10 డెసిబెల్. అందులో ఇత్తడి పాత్ర గోడలా నిలబడటం వరకే. సిమెంటుతో చేసినా, గట్టి అట్టతో చేసినా లెక్క ఒకటే. పాత గ్రామఫోను బూరల్లో కాగితపు గుజ్జుతో చేసినవీ ఉన్నాయి, అవీ బాగానే మోగేవి.

బూరల లెక్కకి వాడే సమీకరణాన్ని ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో ప్రచురించాడు. మనకి కావలసింది దాంట్లోంచి రెండు ముక్కలు. ఒకటి, మంచి బూరలో ప్రతి సమాన దూరానికీ అడ్డుకోత వైశాల్యం రెట్టింపు అవుతూ పోవాలి. రెండు, మూతి చుట్టుకొలత మీకు కావలసిన అతి కింది స్వరం తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండాలి.

విశాఖలో గది గాలి 30 డిగ్రీలు అనుకుంటే ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. 700 హెర్ట్జ్ నుంచి పని చేయాలంటే తరంగం 50 సెం.మీ., దాన్ని 3.14తో భాగిస్తే మూతి 16 సెం.మీ. వైశాల్యం ప్రతి 27.5 మి.మీ.కీ రెట్టింపు కావాలి. అలా 15 మి.మీ. గొంతు నుంచి మొదలుపెడితే 16 సెం.మీ. మూతికి చేరేసరికి 18.7 సెం.మీ. పొడవు అవుతుంది.

ఇంకా కిందికి, 300 హెర్ట్జ్ దాకా దిగుదామని ఆశ పుడుతుంది. లెక్క వేసి చూడండి: మూతి 37 సెం.మీ., పొడవు దాదాపు 60 సెం.మీ. అది టేబుల్ మీద పెట్టుకునే స్టాండు కాదు, శ్రీరామనవమి పందిట్లో కట్టే మైకు. అయినా చాలా ఫోన్ల స్పీకర్లు 500 హెర్ట్జ్ కిందికి వెళ్ళేసరికి చతికిలబడతాయి. అంత పెద్ద బూర పెట్టి లాభం ఏముంది.

ముందు అట్టతో చేయండి

ఇత్తడి ముట్టుకునే ముందు ఇదే బూరని పాత శుభలేఖల అట్టతో చేసి చూడండి. రెండు గంటల పని, ఖర్చు సున్నా. అతుకులు ఫెవికాల్‌తో మూసి, బయట రెండు వరసలు కాగితం అంటిస్తే చాలు. మీ ఫోను స్పీకరు ఎక్కడుందో, గూడు ఎక్కడ కోయాలో, ఫోను ఎంత వాలితే తెర చూడటానికి వీలుగా ఉంటుందో అన్నీ అట్ట మీదే తేలిపోతాయి. ఇత్తడిలో తప్పు కోస్తే తూకానికి అమ్ముకోవడం తప్ప దారి లేదు.

స్పీకరు ఎటుందో కనుక్కోవడానికి పాట పెట్టి, కింది అంచున ఛార్జింగ్ రంధ్రానికి రెండు వైపులా వేలితో మూసి చూడండి. చాలా ఫోన్లలో రెండు వైపులా చిల్లులు ఉంటాయి గాని ఒక వైపువే స్పీకరువి, రెండో వైపు మైకు ఉంటుంది. మైకు చిల్లు గూట్లోకి రాకూడదు. వస్తే స్పీకరు కాల్‌లో అవతలి వాళ్ళకి ప్రతిధ్వని కొడుతుంది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి చెవి దగ్గరి స్పీకరు కూడా పాటలో పాలు పంచుకుంటుంది. మీ బూరకి చేరేది కింది స్పీకరు ఒక్కటే. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో వేసుకోండి. లేకపోతే వయొలిన్ ఒక చానల్లో, గొంతు ఒక చానల్లో ఉన్న పాత రికార్డింగుల్లో సగం పాట బూరలోకి రానే రాదు.

ఏ రేకు

ఇత్తడి 24 గేజ్, అంటే సుమారు 0.56 మి.మీ. మందం. 22 గేజ్ 0.71 మి.మీ. ఉంటుంది. ఇంకా గట్టిగా నిలబడుతుంది గాని సన్నటి గొంతు భాగం చేత్తో చుట్టడం కష్టం. 26 గేజ్ 0.46 మి.మీ. చుట్టడం తేలికే, కానీ చేయి తగిలితే సొట్టపోతుంది, పెద్ద చప్పుడుకి రేకే అదురుతుంది.

రాగి ఇంకా మెత్తన, మాటు బాగా పడుతుంది, ధర ఎక్కువ. అల్యూమినియం తేలిక, చవక. కానీ మామూలు మాటు దానికి పట్టదు, రివెట్లూ సీలెంటూ వాడాలి, ఆ అతుకుల్లోంచే గాలి పోతుంది. జీఐ రేకు (జింకు పూత ఉన్న ఇనుప రేకు) చవకే గాని సముద్రం గాలి తగిలే ఇళ్ళలో కోసిన అంచులు ముందు తుప్పు పడతాయి. దాన్ని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి అతికితే జింకు పొగ వస్తుంది, పీలిస్తే జ్వరం, ఒళ్ళునొప్పులు. ఆ పని ఇంట్లో వద్దు. స్టీలు రేకు వాడితే ఫోనులోని దిక్సూచి తప్పు చూపిస్తుంది. పాటకి దాంతో నష్టం లేదు.

ఇత్తడి కొట్టులో చదరపు లెక్కన కాకుండా తూకానికే ఇస్తారు. 24 గేజ్ రేకు చదరపు అడుగు సుమారు 440 గ్రాములు తూగుతుంది. ఈ బూరకి అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ముక్క, అంటే 660 గ్రాములు అడగండి. ఒక ముక్క చెడినా మళ్ళీ కోసుకోవడానికి మిగులుతుంది. కొనేటప్పుడు మెత్తటి రేకు కావాలని చెప్పండి. గట్టి రేకు చుట్టేటప్పుడు స్ప్రింగులా వెనక్కి విచ్చుకుంటుంది.

సామానుకి పూర్ణా మార్కెట్ వైపు పాత్రల కొట్లు, గాజువాక ఆటోనగర్‌లో రేకు పనివాళ్ళు, లేత్ షాపులు. రాగి గొట్టమూ వంపూ ఏసీ సామాన్ల కొట్టులో దొరుకుతాయి. ఇత్తడి రేకు కొత్తదే కొనాలని లేదు. పాత పళ్ళెం, పెద్ద మూత ఇంట్లో ఉంటే వాటి మందం చూసి వాడేయచ్చు.

బూర కోత

చక్కటి వంపు రావాలంటే రేకుని అచ్చు మీద తిప్పి నొక్కాలి, అది లేత్ మీద స్పిన్నింగ్ చేసే వాళ్ళ పని. చేత్తో చేసేవాళ్ళకి మూడు శంకువు ముక్కలు కలిపితే చాలు, చెవికి తేడా తెలియదు. ఒకటే శంకువుగా చేసినా మోగుతుంది, కింది స్వరాలు కొంచెం పలచబడతాయి.

మూడు ముక్కల వ్యాసాలు ఇవి. మొదటిది 15 నుంచి 32 మి.మీ.కి, నిలువు పొడవు 60. రెండోది 32 నుంచి 68కి, పొడవు 60. మూడోది 68 నుంచి 160కి, పొడవు 67. రేకు మీద ఒక్కొక్కటీ విసనకర్ర ఆకారంలో గీసుకోవాలి:

మొదటి ముక్క: లోపలి వ్యాసార్ధం 53.5 మి.మీ., బయటి వ్యాసార్ధం 114 మి.మీ., కోణం 50.5 డిగ్రీలు.

రెండో ముక్క: లోపల 55.6, బయట 118, కోణం 103.6 డిగ్రీలు.

మూడో ముక్క: లోపల 60, బయట 141.4, కోణం 204 డిగ్రీలు. మూతి అంచు మడతకి బయట ఇంకో 5 మి.మీ. వదలండి.

కొలతలు మార్చుకోవాలంటే లెక్క ఇలా: వాలు పొడవుని పెద్ద వ్యాసంతో గుణించి, రెండు వ్యాసాల తేడాతో భాగిస్తే బయటి వ్యాసార్ధం. పెద్ద వ్యాసాన్ని 180తో గుణించి ఆ వ్యాసార్ధంతో భాగిస్తే కోణం. వాలు పొడవు, నిలువు పొడవు ఒకటి కావు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవు.

ప్రతి ముక్కకీ ఒక పక్కన 5 మి.మీ. అతుకు కోసం వదలండి. రెండో, మూడో ముక్కల చిన్న అంచున 3 మి.మీ. ఎక్కువ వదిలితే ముందరి ముక్క దాంట్లోకి దూరి కూర్చుంటుంది. అంటే గొంతు వైపు ముక్క ఎప్పుడూ లోపల, మూతి వైపు ముక్క బయట. అలా ఉంటే మాటు బయట నుంచి వేసుకోవచ్చు.

కోతకి రేకు కత్తెర. వంపు లోపలి గీత మీద వంకర కత్తెర ఉంటే మేలు. కోశాక అంచులన్నీ ఆకురాయితో గీకాలి, ఇత్తడి అంచు బ్లేడులా కోస్తుంది. మొదటి ముక్క చుట్టడానికి 12 మి.మీ. ఇనుప కడ్డీ, రెండోదానికి అప్పడాల కర్ర, మూడోదానికి మీ మోకాలే చాలు. ఒక్కసారిగా వంచకండి, అంచు నుంచి అంచుకి కొద్దికొద్దిగా నొక్కుతూ రండి. సుత్తి అవసరమైతే చెక్కదే వాడండి, ఇనుప సుత్తి దెబ్బకి రేకు సాగి ముడతలు పడుతుంది.

మూతి అంచున 2 మి.మీ. తీగ పెట్టి రేకుని దాని మీదికి మడవాలి. వదలాల్సిన రేకు తీగ మందానికి రెండున్నర రెట్లు, అందుకే పైన 5 మి.మీ. అన్నాను. ఈ మడత లేకపోతే మూతి గుండ్రంగా నిలబడదు, పళ్ళెం గిన్నెకి తగిలినట్టు గలగలమంటుంది. మడవబోయే ముందు ఆ అంచుని మసక వెలుతురులో లేత ఎరుపు కనబడేదాకా గ్యాస్ టార్చితో కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. కాల్చకుండా మడిస్తే పగుళ్ళు వస్తాయి.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. చల్లగా ఉన్నప్పుడు వంచి, బిగువు మిగిలిపోయిన ఇత్తడికి అమ్మోనియా పడదు. బ్రిటిషు సైన్యం ఇండియాలో తూటాల ఇత్తడి గొట్టాలని వానాకాలంలో గుర్రపుశాలల్లో దాస్తే ఊరికే పగిలిపోయేవి. కారణం గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అని తేలింది 1921లో. అందుకని అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనరుతో ఈ బూర తుడవకండి. ముక్కలు చుట్టిన తర్వాత, మాటు వేయక ముందు 250 నుంచి 300 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తే బిగువు పోతుంది.

మాటు వేయడం

బిందెలకి మాట్లు వేసేవాళ్ళు వాడే తగరం, సీసం కడ్డీయే సరిపోతుంది. 60-40 రకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది. ఆ వేడికి ఇత్తడి గట్టిదనం చెడదు. గ్యాస్ వెల్డింగ్, బ్రేజింగ్ అవసరం లేదు. వాటి వేడికి సన్నటి రేకు వంకర్లు పోతుంది.

అతికే చోట ఎమెరీ కాగితంతో గీకి మెరిసేలా చేయాలి, వేలు తగలకూడదు. ఫ్లక్స్ (మాటు పట్టడానికి రాసే మందు) రాసి రెండు అంచులకీ ముందు విడివిడిగా పలచగా మాటు పూత వేయండి. తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇనుప బైండింగ్ తీగతో బిగించి, మళ్ళీ వేడి చేస్తే పూతలు రెండూ కలిసిపోతాయి. నిలువు అతుకులు మూడూ ముందు, ముక్కలు కలిపే గుండ్రటి అతుకులు తర్వాత. గుండ్రటి అతుకు వేసేటప్పుడు పక్కనున్న నిలువు అతుకు విడిపోకుండా దాని మీద తడి గుడ్డ చుట్టాలి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో ఈ పని కాదు. రేకు వేడిని లాగేసుకుంటుంది. కనీసం 100 వాట్లది కావాలి, లేకపోతే చిన్న గ్యాస్ టార్చి.

యాసిడ్ ఫ్లక్స్ వాడితే పని అయ్యాక వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో లోపలా బయటా కడగాలి. కడగకపోతే నెల తిరక్కుండా అతుకు పక్కన పచ్చటి చిలుము లేస్తుంది. సీసం ఉన్న మాటు కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పని చేసే చోట గాలి ఆడాలి.

అతుకు పరీక్షకి గొంతు వేలితో మూసి బూరలో నీళ్ళు పోయండి. ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ గాలి పోతున్నట్టే.

ఫోను కింది రెండంగుళాలు

స్పీకరు కిందికి చూస్తుంది, బూర ముందుకి చూస్తుంది. మధ్యలో వంపు కావాలి. ఏసీలకి వాడే 5/8 అంగుళం రాగి గొట్టం బయటి వ్యాసం 15.9 మి.మీ., లోపల సుమారు 14.3. దీనికి సరిపోయే రాగి ఎల్బో (వంపు ముక్క) అదే కొట్టులో ఉంటుంది. బూర గొంతు కొసని మూడు, నాలుగు మి.మీ. కత్తిరిస్తే ఆ గొట్టం మీదికి ఎక్కుతుంది. ఎల్బోకి రెండు వైపులా గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. స్పీకరు నుంచి బూర మొదలయ్యే దాకా మొత్తం 4 సెం.మీ. దాటకుండా చూడండి. దాటితే మీ గరాటు కాడ కథే మళ్ళీ.

90 డిగ్రీల మలుపులో ధ్వని పాడవదా అని కొందరికి అనుమానం. గొట్టం 15 మి.మీ. మాత్రమే, ఆ వెడల్పుతో సమానమైన తరంగం 23 వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పాటలో ముఖ్యమైన స్వరాలకి ఆ మలుపు మలుపే కాదు.

ఇప్పుడు గూడు. స్పీకరు చిల్లుల వరస సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొట్టం గుండ్రం. ఈ రెంటినీ కలిపే ముక్కకి హవాయి చెప్పు అడుగు కన్నా మంచి సామాను దొరకదు. మెత్తగా ఉంటుంది, గాలిని బంధిస్తుంది, మందం 12 నుంచి 15 మి.మీ. పైవైపు 22 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు చీలిక, కిందివైపు 14 మి.మీ. గుండ్రటి రంధ్రం. లోపల బ్లేడుతో ఒకదాంట్లోంచి ఒకటి నున్నగా కలిసేలా కోయాలి. లోపలి ఖాళీ 2 మి.లీ. దాటకూడదు. ఖాళీ ఎక్కువైతే అది దిండులా పని చేసి పై స్వరాలని మింగేస్తుంది, స, శ అక్షరాలు మొద్దుబారతాయి. ఆ ఖాళీలో దూది, స్పాంజీ పెట్టడం కూడా అలాంటి తప్పే.

సీలు సరిగ్గా కుదిరిందా? పాట పెట్టి ఫోనుని పై నుంచి వేలితో కొంచెం నొక్కండి. నొక్కగానే గొంతు నిండుగా మారితే ఇంకా సందు ఉందన్నమాట. ఫోను 200 గ్రాముల బరువుకే ముక్క అణగాలి. అణగకపోతే పైన 2 మి.మీ. మెత్తటి ఫోమ్ పొర అంటించండి. ఫోను కవరు ఉంటే తీసేయాలి, కవరు అంచు గూటిని ఎత్తేస్తుంది.

చెప్పు నచ్చదనుకుంటే ఏటికొప్పాక వాళ్ళలా అంకుడు కర్రని లేత్ మీద తిప్పించి, లక్క పూయించిన కుదురు పెట్టించుకోవచ్చు, చూపుకి బాగుంటుంది. అయినా దాని మీద మెత్తటి పొర తప్పదు. కర్రకీ గాజుకీ మధ్య సీలు పడదు.

స్టాండు, బరువు, ఛార్జింగ్

బూర ఒక్కటే 200 గ్రాములు, ఎల్బో, అంచు తీగ కలిపితే 300 దగ్గరికి పోతుంది. ఆ బరువంతా ముందుకి వేలాడుతుంది. అందుకే అడుగు పలక బరువుగా ఉండాలి. 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు, 6 మి.మీ. మందం ఇనుప పలక 700 గ్రాములు తూగుతుంది, అది చాలు. పలకకి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు కొట్టి రంగు వేయండి, అడుగున ఫెల్టు ముక్క అంటించండి. ఫెల్టు లేకపోతే టేబుల్ కూడా అదురుతుంది.

ఫోను వీపు వెనక ఆనించే పలక 70 డిగ్రీల వాలులో పెట్టండి. లోహం ఫోను అంచులని కప్పకూడదు. యాంటెన్నాలు అంచుల్లోనే ఉంటాయి, కప్పితే సిగ్నల్ పడిపోతుంది. ఫోను ఆనే ప్రతి చోటా ఫెల్టు గాని రబ్బరు గాని ఉండాలి, గీతలు పడకుండా ఒకటి, ఇంకో కారణం కింద చెప్తాను. వెనక లోహపు పలక ఉంటే వైర్‌లెస్ ఛార్జింగ్ పని చేయదు, పలక వేడెక్కుతుంది.

తీగతో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. సి-రకం ప్లగ్గు పట్టు 12 మి.మీ. వెడల్పు, 6.5 మి.మీ. మందం దాకా ఉంటుంది, కాబట్టి 14 × 8 మి.మీ. రంధ్రం చేసి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) పెట్టండి. ప్లగ్గు స్పీకరు పక్కనే వస్తుంది కనక గూడు ముక్క దాన్ని తప్పించి కోయాలి. వంకర ప్లగ్గు తీగ అయితే కింద చోటు మిగులుతుంది. ఛార్జింగ్‌లో ఉండగా స్టాండు ముట్టుకుంటే వేళ్ళకి సన్నగా జిల్లుమనచ్చు. రెండు పిన్నుల ఛార్జర్లలో ఇది మామూలే. ప్లగ్గు తొడుగు లోహాన్నీ, ఫోను చట్రాన్నీ స్టాండు లోహానికి తగలనివ్వకపోతే ఆ బెడద ఉండదు. పైన ఫెల్టు అన్నది ఇందుకే.

ఫోను పెట్టే ముందు స్టాండుని ఒకసారి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఇనుప రజను స్పీకరు అయస్కాంతానికి అతుక్కుపోతుంది, జాలిలోంచి లోపలికి పోతే పొర గరగరలాడుతుంది. ఆ రజను బయటికి తీయడం దాదాపు అయ్యే పని కాదు.

మోగించి చూసినప్పుడు

టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకుని 300 నుంచి 8000 హెర్ట్జ్ దాకా మెల్లగా పైకి తీసుకెళ్ళండి. ఏదో ఒక చోట జిర్రుమంటే ఆ స్వరం దగ్గర ఆపి, బూర మీద వేలు జరుపుతూ పోండి. ఎక్కడ వేలు పెడితే చప్పుడు ఆగుతుందో అక్కడ అతుకు వదులు, లేదా అంచు తీగ కదులుతోంది. తీగ కదిలితే మడతలోకి రెండు చుక్కలు మాటు వదలండి. అతుకులన్నీ గట్టిగానే ఉండి రేకే గంటలా మోగుతుంటే గొంతు నుంచి రెండో ముక్క సగం దాకా బయట నూలు దారం బిగువుగా చుట్టండి. చూడటానికీ అందంగానే ఉంటుంది.

1000 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య గొంతు మరీ అరిచినట్టు అనిపించడం ఈ బూరల సహజ గుణం. ఈక్వలైజరులో ఆ పట్టీని 3, 4 డెసిబెల్ దించితే పాట కుదుటపడుతుంది. ఫోను వాల్యూము పూర్తిగా తిప్పకండి. ముప్పావు దగ్గర స్పీకరు శుభ్రంగా పలుకుతుంది, ఆ పైన చీలుతుంది. చీలిన స్వరాన్ని బూర ఇంకా పెద్దది చేసి వినిపిస్తుంది.

ఫలితం కొలవాలంటే రెండో ఫోనులో సౌండ్ మీటరు యాప్ పెట్టి మీటరు దూరంలో, బూర మూతికి ఎదురుగా ఉంచండి. ఒకసారి బూరతో, ఒకసారి ఫోనుని టేబుల్ మీద అదే చోట నిలబెట్టి. ఫ్యాను ఆపడం మర్చిపోకండి. బూరకి పక్కన కూర్చుంటే తేడా చాలా తక్కువగా కనబడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకే దాని లాభం.

రేకు పని వద్దనుకుంటే పాత రిక్షాలకి ఉండే రబ్బరు బుడగ హారను ఇత్తడి బూర ఒకటి సంపాదించండి. మూతి చిన్నది కాబట్టి కింది స్వరాలు ఇంకా తక్కువ వస్తాయి, మాటలకి మాత్రం బాగుంటుంది. లోపల చప్పుడు చేసే నాలుక తీసేయాలి. మైకు సెట్టు అల్యూమినియం బూర కూడా ఎల్బోకి లేత్‌లో అడాప్టరు తిప్పించి పెట్టచ్చు. దాని గొంతు దాదాపు అంగుళం, లోపల దారి మడతలు పడి పొడుగ్గా ఉంటుంది. మోత ఎక్కువే, కానీ పై స్వరాలు మందగిస్తాయి, టేబుల్ మీద దానికి చోటు చాలదు.

మెరుగు విషయానికొస్తే, సముద్రం దగ్గరి ఇళ్ళలో పూత లేని ఇత్తడి పది రోజులకే మసకబారుతుంది. చింతపండూ ఉప్పూ రుద్ది, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక పారదర్శక లక్కరు స్ప్రే రెండు పలచటి పూతలు వేస్తే చాలాకాలం ఆగుతుంది. లక్కరు వేశాక చింతపండు మళ్ళీ వాడకూడదు, పొడి గుడ్డే. గూడు రబ్బరు ముక్కని అంటించేయకుండా ఊడదీసుకునేలా ఉంచుకోండి, ఫోను మారినప్పుడు స్టాండు పనికిమాలినది కాకుండా ఆ ముక్క ఒక్కటే మళ్ళీ కోసుకుంటే సరిపోతుంది.